పనిలో తృప్తి ఉంది, కొలువులోనే చోటు లేదు

ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాల వైద్య ఆరోగ్య శాఖ మంత్రులకు



నేను డెంటల్ హైజీనిస్టుని. మాది శ్రీకాకుళం జిల్లా. ఇంటర్లో బైపీసీ చదివి, రెండేళ్ల డిప్లొమా పూర్తిచేసి, డెంటల్ కౌన్సిల్ రిజిస్టర్లో పేరు ఎక్కించుకున్నాను. అప్పటినుంచీ ఇదే నా బతుకుతెరువు. పళ్లకు పట్టిన గార తీస్తాను, పాలిష్ పడతాను, చిగుళ్ల లోతు కొలుస్తాను, బ్రష్ ఎలా పట్టుకోవాలో దగ్గరుండి నేర్పుతాను. మీ ఇద్దరికీ కలిపి ఒకే ఉత్తరం రాయడానికి కారణం ఉంది. నాతో చదివినవాళ్లు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. వాళ్లలో ఈ పనిలో మిగిలినవాళ్లు మాత్రం అటూ తక్కువే, ఇటూ తక్కువే.

వాళ్లు ఎందుకు మానేశారో ముందు చెప్పాలి. నోట్లో చేతులు పెట్టే పని, రక్తం, చీము, వాసన... ఆడపిల్లలు ఎంతకాలం భరిస్తారు అని చాలామంది అనుకుంటారు. అది నిజం కాదు. మానేసినవాళ్లలో పని నచ్చలేదని నాతో అన్నవాళ్లు లేరు. ఒకామె ఇన్సూరెన్స్ ఆఫీసులో ఫైళ్లు చూస్తోంది, ఇంకొకామె మందుల షాపులో కూర్చుంటోంది. ఎప్పుడు ఫోన్ చేసినా మొదట అడిగేది డెంటల్ చెయిర్ గురించే, పేషెంట్ల గురించే. నచ్చిన పనిని వదులుకున్నవాళ్ల బాధ వేరుగా ఉంటుంది. అది మీకు తెలియాలనే ఈ ఉత్తరం.

ఈ పనిలో ఏముంది అని మీరు అడగవచ్చు. ఒక ఉదాహరణ చెబుతాను. నలభై అయిదేళ్ల ఆటో డ్రైవరు వచ్చాడు. షుగరు ఉంది. కింది వరస ముందు పళ్ల వెనక, నాలుక తగిలే చోట, గార గోడ కట్టినట్టు ఉంది. పళ్ల మధ్య సందులన్నీ మూసుకుపోయాయి. పుక్కిలిస్తే రక్తం. చెయిర్లో కూర్చోగానే అతనన్న మాట మా వృత్తిలో అందరూ రోజూ వినేదే. "క్లీనింగ్ చేయిస్తే పళ్లు వదులైపోతాయంట కదమ్మా?"

నేను అద్దం అతని చేతికిచ్చాను. ప్రోబ్ అనే సన్నటి కొలత కడ్డీతో ఒక్కో పంటి చుట్టూ ఆరు చోట్ల లోతు చూస్తాం. ఆరోగ్యంగా ఉన్న చిగురు దగ్గర అది ఒకటి నుంచి మూడు మిల్లీమీటర్లు దిగుతుంది. అతనికి కొన్ని చోట్ల ఆరు దిగింది. "పంటిని పట్టుకోవలసిన ఎముక ఇంతమేర కరిగిందన్నా. ఇప్పుడు పన్ను కదలకుండా పట్టుకున్నది ఎముక కాదు, ఈ గార. గార వల్లే ఎముక పోయింది. ఇది తీశాక పన్ను కదిలినట్టు అనిపిస్తుంది, నాలుకకి సందు తగులుతుంది, చల్లనీళ్లు కొన్నాళ్లు జివ్వుమంటాయి. అప్పుడు భయపడి బ్రష్ మానేయకు" అని ముందే చెప్పాను. ఈ మాటలు ముందు చెబితే పేషెంటు రెండోసారి వస్తాడు. తర్వాత చెబితే ఊళ్లో పదిమందికి క్లీనింగ్ వద్దని చెబుతాడు.

అల్ట్రాసోనిక్ స్కేలర్‌తో గార పెచ్చులు పెచ్చులుగా ఊడింది. లోతు ఎక్కువున్న చోట డాక్టరుగారు మత్తిచ్చి వేరు దాకా శుభ్రం చేశారు. వారం తర్వాత అతన్ని మళ్లీ పిలిచి, బ్రష్ చేతికిచ్చి, నా ముందే తోముకోమన్నాను. తెలుగునాట పళ్లు తోమడమంటే అడ్డంగా, గట్టిగా, అంట్లు తోమినట్టే. చిగురు అంచున బ్రష్‌ని ఏటవాలుగా ఆనించి మెల్లగా కదపడం అతనికి రావడానికి చాలాసేపు పట్టింది. ఆరువారాల తర్వాత వచ్చినప్పుడు రక్తం లేదు. ఆరు దిగిన చోట నాలుగు దిగింది. "ఇప్పుడు ప్యాసింజరుతో మొహం తిప్పుకోకుండా మాట్లాడుతున్నానమ్మా" అన్నాడు.

మంత్రులారా, చేసిన పని ఫలితం ఇలా కొలిచి, చూసి, విని తెలుసుకునే అవకాశం ఎన్ని ఉద్యోగాల్లో ఉంది? డాక్టరుగారికి ఒక్కో పేషెంటుతో గడిపే వ్యవధి కొద్ది నిమిషాలు. మాకు ముప్పావుగంట దొరుకుతుంది. ఆ ముప్పావుగంటలో గుట్కా ఎప్పుడు మొదలైందో చెబుతారు, కొడుకు సంగతి చెబుతారు, షుగరు మాత్ర ఎందుకు మానేశారో చెబుతారు. నోరు తెరిచి కూర్చున్న మనిషి మనల్ని ఎంత నమ్ముతాడో ఆ పని చేసినవాళ్లకే తెలుస్తుంది. మా వృత్తి ఆకర్షణ అంతా అక్కడే ఉంది.

ఇక కష్టం సంగతి. రోజంతా మెడ ఒకవైపు వంచి కూర్చుంటాం. మణికట్టు, భుజం, నడుము వయసుకు ముందే అరుగుతాయి. సరైన స్టూలు, కళ్లకు లూప్స్ అనే భూతద్దాలు, సమంగా వేసిన అపాయింట్‌మెంట్లు ఉంటే ఇందులో చాలా భాగం తప్పుతుంది. కానీ మనుషుల్ని ఈ వృత్తిలోంచి తరిమేది నొప్పి కాదు. చేరిననాడు ఏ హోదానో, పదిహేనేళ్లకీ అదే హోదా. సీనియర్ అనే మాట లేదు, ఇన్‌ఛార్జి అనే మాట లేదు, పై చదువుకి దారి లేదు. చాలా క్లినిక్కుల్లో రిసెప్షన్ చూడమంటారు, ఆటోక్లేవ్ కడగమంటారు, టీ తెమ్మంటారు. నేను పనిచేసిన ఒక క్లినిక్కులో స్కేలర్ నా చేతికిచ్చిన రోజులకంటే ఫోన్ నా చేతికిచ్చిన రోజులే ఎక్కువ.

దీనికి నేను డెంటిస్టుల్ని నిందించను. దేశంలో డెంటల్ కాలేజీలు మూడు వందలు దాటాయి. ఏటా ఇరవై అయిదు వేలకు పైగా బీడీఎస్ సీట్లు. హైదరాబాద్, విజయవాడ, విశాఖ వీధుల్లో పళ్ల క్లినిక్ లేని సందు లేదు. సొంతంగా క్లినిక్ పెట్టుకోలేని కొత్త బీడీఎస్ పదిహేను ఇరవై వేలకు పనిచేయడానికి సిద్ధంగా ఉంటే, క్లినిక్ నడిపే డాక్టరు హైజీనిస్టుని ఎందుకు పెట్టుకుంటాడు? స్కేలింగ్ ఆ కొత్త డాక్టరే చేస్తాడు. చేస్తాడు గానీ మనసు పెట్టి చేయడు. ఎందుకంటే అతను నేర్చుకున్నది రూట్ కెనాల్, క్రౌన్, సర్జరీ. ఎండీఎస్ సీటు వచ్చేదాకా, అమెరికా వీసా వచ్చేదాకా ఇదొక మజిలీ. అతనికీ తృప్తి లేదు, మాకూ కొలువు లేదు. ఇంకొన్నిచోట్ల అయితే పదో తరగతి చదివిన అసిస్టెంటు చేతికే స్కేలర్ ఇచ్చేస్తున్నారు. పేషెంటుకి ఆ తేడా తెలిసే వీల్లేదు.

బజారు మాకు చోటివ్వదు. ఇవ్వగలిగింది ప్రభుత్వమే. అందుకే నేను డెంటల్ డాక్టర్ల సంఘానికి కాకుండా మీకు రాస్తున్నాను.

మా వృత్తికి చట్టం ఎప్పుడు గుర్తింపు ఇచ్చిందో చూడండి. స్వాతంత్ర్యం వచ్చిన మరుసటి ఏడాదే, 1948లో, డెంటిస్ట్స్ యాక్ట్ వచ్చింది. అందులోనే డెంటల్ హైజీనిస్టు ఎవరో రాశారు. డెంటిస్టూ వైద్యుడూ కాకుండా, పళ్లకు గార తీసి, శుభ్రం చేసి, పాలిష్ పట్టి, నోటి శుభ్రత నేర్పే మనిషి. మాకొక ప్రత్యేక రిజిస్టరు పెట్టమన్నారు. సరిగ్గా అదే 1948లో జపాన్ కూడా డెంటల్ హైజీనిస్టుల చట్టం చేసింది. యుద్ధంలో ఓడి, నగరాలు బూడిదైన దేశం అది. వాళ్లు మొదట హైజీనిస్టుల్ని ప్రైవేటు క్లినిక్కులకు వదిలేయలేదు. ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో, నివారణ పనికి పెట్టుకున్నారు. క్లినిక్కుల్లో డాక్టరుకి సాయం చేసే పని తర్వాత, 1955లో కలిపారు. ఈరోజు అక్కడ పనిచేస్తున్న హైజీనిస్టులు లక్షా నలభై వేలకు పైనే. 1989లో వాళ్లొక లక్ష్యం పెట్టుకున్నారు, ఎనభై ఏళ్ల వయసుకి ఇరవై సొంత పళ్లు నిలవాలని. అప్పటికి అలాంటి వృద్ధులు పదిమందిలో ఒకరు కూడా లేరు. 2016 సర్వేకి సగం మంది దాటారు. ఇదంతా హైజీనిస్టుల ఘనతే అనను. ఫ్లోరైడ్ టూత్‌పేస్టూ ఉంది, బీమా ఉంది, బడుల్లో అలవాటు చేసిన పద్ధతులూ ఉన్నాయి. కానీ ఆ పని చేసే చేతులు లేకుండా ఆ లక్ష్యం కాగితం దాటేది కాదు.

అమెరికాలో ఈ వృత్తి పుంజుకున్నది బడులతోనే. కనెటికట్ రాష్ట్రం బ్రిడ్జిపోర్ట్‌లో ఆల్‌ఫ్రెడ్ ఫోన్స్ అనే డెంటిస్టు 1906లో తన దగ్గర అసిస్టెంటుగా ఉన్న ఐరీన్ న్యూమన్‌కి ఈ పని నేర్పాడు. 1913లో తొలి శిక్షణ బడి పెట్టాడు. అందులో చదివినవాళ్లు ఆ ఊరి ప్రభుత్వ పాఠశాలలకి వెళ్లి పిల్లల పళ్లు శుభ్రం చేశారు. పళ్లు పుచ్చాక బాగుచేసేకంటే పుచ్చకుండా చూడటానికి వేరే మనిషి, వేరే శిక్షణ కావాలని ఆయన గట్టిగా నమ్మాడు.

మన 1948 చట్టం ఇచ్చిన గుర్తింపు ఏమైంది? ఒక లెక్క చెబుతాను. 2024లో రైల్వే రిక్రూట్‌మెంట్ బోర్డు పారామెడికల్ పోస్టులకి నోటిఫికేషన్ ఇచ్చింది. మొత్తం 1376 పోస్టులు. నర్సింగ్ సూపరింటెండెంట్లు 713, ఫార్మసిస్టులు 246. డెంటల్ హైజీనిస్టులు 3. దేశం మొత్తానికి మూడు. అయినా ఆ మూడింటి కోసం మా డిప్లొమా ఉన్నవాళ్లు వాట్సాప్ గ్రూపుల్లో నెలల తరబడి మాట్లాడుకున్నారు. మా వీధిలో ఇంటర్ చదువుతున్న ఒకమ్మాయి ఆ సమయంలోనే నన్నడిగింది. "అక్కా, నేనూ ఈ కోర్సు చేద్దామనుకుంటున్నాను, ఉద్యోగం వస్తుందా?" పని గురించి అడిగితే గంటసేపు చెప్పగలిగేదాన్ని. ఉద్యోగం గురించి అడిగింది. నర్సింగ్ చేయమని చెప్పాను.

ఇదే మనవాళ్లు సముద్రం దాటితే కథ మారిపోతుంది. ఫ్లోరిడాలో విదేశీ డెంటల్ పట్టా ఉన్నవాళ్లు అక్కడి పరీక్షలు రాసి హైజీనిస్టు లైసెన్సు తెచ్చుకోవచ్చు. డెంటిస్టుగా లైసెన్సు కావాలంటే అక్కడ మళ్లీ రెండు మూడేళ్లు లక్షల డాలర్లు పోసి చదవాలి. అందుకని ఇక్కడ బీడీఎస్ చదివిన తెలుగు ఆడపిల్లలు కొందరు ఆ దారి పట్టారు. 2024 మే నాటి ప్రభుత్వ లెక్కల్లో అమెరికా హైజీనిస్టు మధ్యస్థ వేతనం ఏడాదికి 94,260 డాలర్లు. అక్కడా మెడనొప్పి ఉంది, పదోన్నతులు తక్కువన్న అసంతృప్తి ఉంది, కోవిడ్ తర్వాత మానేసినవాళ్లూ ఉన్నారు. అయినా హైజీనిస్టు అంటే అక్కడ ఏ పేషెంటుకైనా తెలుసు. ఆమె పేరుతోనే అపాయింట్‌మెంటు అడుగుతారు. అక్కడ డాక్టరు చదువు చదివిన మనిషికి కూడా గౌరవంగా ఉన్న ఈ పని, ఇక్కడ ఈ పనికోసమే చదివిన మనిషికి కూడు పెట్టడం లేదు.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. మాకు పోస్టులు కావాలని అడగడం మా కోసమే అయితే మీరు పట్టించుకోనక్కర్లేదు. మన రెండు రాష్ట్రాల్లో పని ఉంది. ఆ పని ఎవరూ చేయకుండా పడి ఉంది.

షుగరు తీసుకోండి. చిగుళ్ల జబ్బుకీ షుగరుకీ సంబంధం రెండువైపులా ఉంటుంది. షుగరు అదుపులో లేకపోతే చిగుళ్లు చెడతాయి. చిగుళ్లలో చీము ఉంటే షుగరు అదుపులోకి రాదు. చిగుళ్లకు సరిగ్గా వైద్యం చేస్తే మూడు నాలుగు నెలల్లో సగటు షుగరు కొలత అయిన హెచ్‌బీఏ1సీ దాదాపు 0.4 శాతం తగ్గుతుందని ఎన్నో పరిశోధనలు కలిపి చూసి తేల్చారు. అదనంగా ఒక మందు వేసినంత ప్రయోజనం అది. మీ ఆసుపత్రుల్లో ప్రతి వారం బీపీ షుగర్ క్లినిక్కులు నడుస్తున్నాయి. వందలమంది మాత్రల కోసం బారులు తీరి నిలబడతారు. వాళ్ల కాళ్లు చూస్తారు, కళ్లు చూస్తారు. చిగుళ్లు ఎవరు చూస్తున్నారు? ఏరియా ఆసుపత్రిలో డెంటల్ అసిస్టెంట్ సర్జన్ ఉంటే, ఆయన పొద్దున్నుంచి పళ్లు పీకడంతోనే సరిపోతుంది. ముప్పావుగంట పట్టే స్కేలింగ్ ఆయన ఎప్పుడు చేయాలి, బ్రష్ పట్టడం ఎప్పుడు నేర్పాలి?

మా జిల్లా సంగతి విడిగా చెప్పాలి. ఉత్తరాంధ్ర తీరంలో, పల్లెల్లో, పెద్దవయసు ఆడవాళ్లలో అడ్డపొగ అలవాటు ఇంకా ఉంది. చుట్ట వెలిగించిన కొస నోటి లోపల పెట్టుకుని పీలుస్తారు. నిప్పు వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. అంగిలి తెల్లబడుతుంది, దాని మీద ఎర్రటి చుక్కలు లేస్తాయి, కొన్నిచోట్ల పుండు పడుతుంది, అది క్యాన్సరుకి దారితీస్తుంది. 1960ల్లోనే ముంబయి పరిశోధకులు శ్రీకాకుళం పల్లెల్లో ఇంటింటికీ తిరిగి దీన్ని నమోదు చేశారు. ఒక వైద్య శిబిరంలో నేను ఒక మామ్మ నోట్లో టార్చి వేసి చూస్తే అంగిలి అంతా తెల్లగా, మధ్యలో చిన్న ఎర్రటి పుండు. నొప్పి లేదంది. మోకాళ్ల నొప్పులకి మందు కోసం వచ్చింది. "నోరు తెరమని ఇన్నేళ్లలో ఎవలూ అడగలేదమ్మా" అంది. ఆమెను ఆ రోజే పెద్దాసుపత్రికి పంపించాం. ముప్పై ఏళ్లు దాటినవాళ్లందరికీ నోటి క్యాన్సర్ స్క్రీనింగ్ చేయాలని జాతీయ కార్యక్రమంలో ఉంది. అది చేయవలసిన ఏఎన్‌ఎం చేతిలో టీకాలున్నాయి, గర్భిణుల జాబితా ఉంది, పది యాప్‌లున్నాయి. నోరు చూడటమే వృత్తిగా ఉన్న మనిషిని వారానికి రెండురోజులు ఆమెతో పంపితే ఎంత తేడా వస్తుందో ఆలోచించండి.

పిల్లల విషయంలోనూ అంతే. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమంలో పుచ్చుపళ్లు చూడటం ఉంది. ఆ సంచార బృందంలో ఇద్దరు ఆయుష్ డాక్టర్లు, ఒక ఏఎన్‌ఎం, ఒక ఫార్మసిస్టు. పుచ్చు కనబడితే రాసుకుని పంపుతారు. బడి బెంచీ మీద కూర్చోబెట్టి ఫ్లోరైడ్ వార్నిష్ పూయడం నాలుగైదు నిమిషాల పని. కుర్చీ అక్కర్లేదు, కరెంటు అక్కర్లేదు. పూసే మనిషే లేరు.

బీడీఎస్‌లే ఇంతమంది ఖాళీగా ఉండగా హైజీనిస్టు ఎందుకు, ఆ పోస్టులు వాళ్లకే ఇవ్వవచ్చు కదా అని మీ అధికారులు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. డెంటల్ అసిస్టెంట్ సర్జన్ పోస్టులు పెంచండి, నేను సంతోషిస్తాను. కానీ ఒక డాక్టరు చేతి కింద ఒక హైజీనిస్టు ఉంటే ఆ డాక్టరు రూట్ కెనాల్ చేయగలుగుతాడు, పీకవలసిన పన్ను నిలబెట్టగలుగుతాడు. స్కేలింగ్ కోసమే డాక్టరుని పెడితే అతను రెండేళ్లలో వెళ్లిపోతాడు. హైజీనిస్టు వెళ్లదు. ఇది ఆమె ఎంచుకున్న పని, పైగా చాలావరకు ఆమె ఆ జిల్లా మనిషే అయి ఉంటుంది.

కాబట్టి నా విన్నపం ఇది. డెంటల్ చెయిర్ ఉన్న ప్రతి ఏరియా ఆసుపత్రికీ ఒక హైజీనిస్టు పోస్టు మంజూరు చేయండి. ఒకేసారి అన్నిచోట్లా కుదరకపోతే రెండు జిల్లాలతో మొదలుపెట్టండి. నన్నడిగితే ఒకటి అడ్డపొగ ఉన్న శ్రీకాకుళం, ఇంకొకటి ఫ్లోరోసిస్‌తో తరాలుగా పళ్లు పాడైన నల్గొండ. ఆ పోస్టుని డెంటల్ విభాగంలో మూలన పడేయకుండా బీపీ షుగర్ క్లినిక్కుతో కలపండి. మాత్ర తీసుకునే ప్రతి పేషెంటూ ఏడాదికి ఒకసారైనా చిగుళ్లు చూపించుకుని వెళ్లాలి. కాంట్రాక్టు పేరుతో పదకొండు నెలలకోసారి తీసేసి మళ్లీ తీసుకునే పద్ధతి దీనికి పనికిరాదు. చిగుళ్ల పేషెంటుకి మూడునెలలకోసారి అదే చేయి తగలాలి.

దాంతోపాటు ఒక మెట్టు ఏర్పాటు చేయండి. ఫార్మసిస్టుకి గ్రేడ్లున్నాయి, ల్యాబ్ టెక్నీషియన్‌కి గ్రేడ్లున్నాయి. పదేళ్లు పనిచేసిన హైజీనిస్టు సీనియర్ అయి, జిల్లాలో బడుల కార్యక్రమం చూసుకునేలా, కొత్తవాళ్లకి నేర్పేలా ఒక హోదా ఉంటే ఈ వృత్తిలోకి రావడానికి పిల్లలు వెనకాడరు. హైదరాబాద్, విజయవాడ, కడప ప్రభుత్వ డెంటల్ కళాశాలల్లో శిక్షణకి కావలసిన చెయిర్లూ, ఆచార్యులూ ఉన్నారు. డిప్లొమా సీట్లు అక్కడ నింపి, పల్లె ఆడపిల్లలకి హాస్టల్ ఇస్తే చాలు. పోస్టులు ముందు రావాలి, సీట్లు తర్వాత. పోస్టులు లేకుండా సీట్లు పెంచితే ఇంకొంతమంది ఇన్సూరెన్స్ ఆఫీసుల్లో తేలుతారు.

పాత 1948 చట్టం స్థానంలోకి తేవడానికి పార్లమెంటు 2023లో నేషనల్ డెంటల్ కమిషన్ చట్టం చేసింది. దాని ప్రకారం రాష్ట్రాల్లో కొత్త ఏర్పాట్లు చేసేటప్పుడు మీ ముందుకు ఫైళ్లు వస్తాయి. అందులో డెంటిస్టుల గురించి చాలా పేజీలుంటాయి. మా గురించి ఒక పేరా ఉంటుంది. ఆ పేరా దగ్గర ఆగి, మన రాష్ట్రంలో రిజిస్టరైన హైజీనిస్టులు ఎందరు, వాళ్లలో ఈ పనే చేస్తున్నవాళ్లు ఎందరు అని అడగండి. ఆ రెండు అంకెలూ పత్రికల్లో ప్రకటించండి. పోస్టుల మంజూరుకి ఆర్థికశాఖ కారణం అడిగితే, ఆ రెండు అంకెల మధ్య తేడా చూపించండి.

ఇట్లు
ఒక డెంటల్ హైజీనిస్టు
శ్రీకాకుళం జిల్లా